ప్రణవి మెడ

ఆ శనివారం పొద్దున్న శ్యామలాదేవి మనవరాలి మెడ తోముతోంది. బాత్‌రూమ్‌లో చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద ప్రణవి తల వంచుకుని కూర్చుంది. జుట్టంతా పైకెత్తి క్లిప్పు పెట్టి, శనగపిండిలో పెరుగూ నిమ్మరసమూ కలిపి మెడకి పట్టించి, పావుగంట ఆరనిచ్చి, ఇప్పుడు తడిగుడ్డతో రుద్దుతోంది. పిండి పోయింది, నలుపు మాత్రం పోలేదు. జుట్టు మొదలయ్యే చోటు నుంచి వీపు మొదలు దాకా వెడల్పాటి పట్టీలా అలాగే ఉంది. వేలితో తాకితే అక్కడి చర్మం మందంగా, కాస్త గరుగ్గా తగులుతుంది.

ప్రణవి నొప్పి అంది. సరిగ్గా స్నానం చేస్తే ఈ తిప్పలు ఉండవు కదా అని శ్యామలాదేవి ఎప్పుడూ అనే మాటే అంది. మూడు నిమిషాల్లో షవర్ కింద నుంచి బయటికొచ్చే పిల్ల ఒంటికి మురికి పట్టక ఏమవుతుందని ఆవిడ నమ్మకం.

ఐదు నెలలుగా ఇదే పోరు. మొదట్లో ఎండ అనుకుంది. తర్వాత స్విమ్మింగ్ పూల్లో కలిపే మందు అనుకుంది. సున్నిపిండి అయింది, బంగాళాదుంప రసం అయింది. పోయిన వారం కాళ్ల పగుళ్లకి వాడే రాయి కూడా అయింది. ఇవాళ చూస్తే ఆ నలుపు మధ్యలో రెండు మూడు చోట్ల చర్మం లేచిపోయి, ఎర్రగా పచ్చిగా ఉంది. రాయి గట్టిగా రుద్దేశానేమో అనుకుని, మనసులో నొచ్చుకుని, కొబ్బరినూనె రాసి వదిలేసింది.

శ్యామలాదేవి నరసాపురం దగ్గర ఒక ఊళ్లో ముప్పై ఒక్క సంవత్సరాలు అంగన్‌వాడీ టీచరుగా చేసింది. దూలానికి వేలాడే తక్కెడలో ఆవిడ చేతుల మీదుగా తూగిన పిల్లలు ఎన్ని వందలమందో. గోడమీది చార్టులో ఆకుపచ్చ పట్టీలో ఉంటే మంచిది, పసుపులోకి జారితే జాగ్రత్తపడాలి, ఎరుపులోకి జారితే ప్రమాదం. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే ఎరుపులో ఉన్న ఒక రెండేళ్ల పిల్ల చనిపోయింది. అప్పట్నుంచి పిల్ల సన్నగా కనబడితే శ్యామలాదేవి ఆ ఇంటికే వెళ్లి తన చేత్తో తినిపించి వచ్చేది. ఎరుపులో ఉన్నవాళ్లని ఆకుపచ్చలోకి లాక్కురావడమే ఆవిడ ఎరిగిన విజయం. ఆకుపచ్చ దాటి పైకి వెళ్లిపోయే పిల్లల గురించి ఏ శిక్షణలోనూ ఎవరూ మాట్లాడలేదు.

రిటైరైన ఏడాదే కూతురు ఆమని సింగపూర్ రమ్మంది. ఆమని చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ విభాగంలో పని చేస్తుంది. అల్లుడు భరద్వాజ్ రెండు వారాలకోసారి జకార్తా వెళ్లివస్తుంటాడు. స్కూలు నుంచి ఒంటిగంటన్నరకి వచ్చే పిల్లని చూసుకునేవాళ్లు కావాలి. శ్యామలాదేవి వచ్చేనాటికి ప్రణవికి ఏడేళ్లు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అన్నం పళ్లెం ముందు గంట కూర్చునేది. ఆమని అమ్మకి చెప్పిన మొదటి కష్టం అదే. శ్యామలాదేవి పమిట దోపి రంగంలోకి దిగింది. రెండేళ్లలో పిల్ల బుగ్గలు నిండాయి, చేతులు గుండ్రంగా అయ్యాయి. ఆ ఫొటోలు ఆవిడ పాత తోటి టీచర్ల గ్రూపులో పెట్టింది. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు.

స్కూల్లో నర్సులు పిల్లల ఎత్తూ బరువూ చూసి ఇంటికి ఉత్తరం పంపించింది నెల క్రితం. తొమ్మిదేళ్ల ప్రణవి నలభై నాలుగు కిలోలు ఉంది. ఆ ఎత్తుకి అది చాలా ఎక్కువట. శ్యామలాదేవి ఆ ఉత్తరాన్ని నమ్మలేదు. మన పిల్లల ఎముక వేరు, వీళ్ల లెక్కలు వేరు అంది. కానీ ఆమని ఆ ఉత్తరం పట్టుకుని ఎక్కడెక్కడో వెతికి, ఒక యూనివర్సిటీవాళ్లు భారతీయ కుటుంబాల ఇళ్లకే వచ్చి పిల్లల తిండి గురించి సలహాలిచ్చే కార్యక్రమం ఒకటి నడుపుతున్నారని తెలుసుకుని పేరు రాయించింది. తెలుగమ్మాయే వస్తుందని చెప్పింది. ముప్పై ఏళ్లు ఊరందరి పిల్లలకీ తిండి పెట్టినదాన్ని, నాకు పాఠం చెప్పడానికి ఎవరో వస్తున్నారా అని శ్యామలాదేవికి మనసులో ముల్లులా గుచ్చుకుంది. పైకి మాత్రం సరే అంది.

పది గంటలకి స్పందన వచ్చింది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లు ఉంటాయి. జనగామవైపు పిల్ల. భుజాన ఒక గుడ్డ సంచీ తప్ప చేతిలో ఏమీ లేదు. తూకం మిషను తెస్తుందనీ, పిల్లని నిలబెట్టి అంకె చెప్పి మొహం చిట్లిస్తుందనీ శ్యామలాదేవి అనుకుంది. ఆ అమ్మాయి మిషను తేలేదు సరికదా, హాల్లో సోఫా చూపిస్తే, వంటింట్లో కూర్చోవచ్చా ఆంటీ అని అడిగింది.

వంటింట్లో స్టూలు మీద కూర్చుని, కాఫీ తాగుతూ, నిన్న ఈ ఇంట్లో అందరూ ఏమేం తిన్నారో చెప్పమంది. శ్యామలాదేవి ఉత్సాహంగానే చెప్పింది. పొద్దున్నే పెద్ద గ్లాసుడు పాలలో చాక్లెట్ పొడి మైలో, రెండు నేతి దోసెలు. స్కూలుకి డబ్బాలో పులిహోర. రాగానే పప్పూ నెయ్యీ వేపుడుతో అన్నం. నాలుగింటికి పునుగులో, కేకో. ట్యూషన్‌కి వెళ్తూ ఒక జ్యూస్ ప్యాకెట్టు. ఏడింటికి పిల్లకి చపాతీలు. అమ్మ ఎనిమిదిన్నరకి వచ్చాక ఆమెతోపాటు కూర్చుని మళ్లీ నాలుగు ముద్దలు. పడుకునే ముందు పాలు. చెప్పడం అయ్యాక తనకే ఆ వరస కొంచెం పొడుగ్గా అనిపించింది.

స్పందన రాసుకుంది తప్ప తప్పుపట్టలేదు. ఒక్క ప్రశ్న మాత్రం వేసింది. వీటిలో ప్రణవి ఆకలేస్తోందని అడిగి తిన్నవి ఏవి అని. శ్యామలాదేవి ఆలోచించింది. ఒక్కటీ తట్టలేదు. పిల్ల అడిగేదాకా తను ఎప్పుడూ ఆగలేదు. ఎరుపులో ఉన్న పిల్లలు ఆకలని అడగరు. ఏడ్చే ఓపిక కూడా ఉండదు వాళ్లకి. అడగకముందే పెట్టడం ఆవిడకి చేతుల్లో ఉండిపోయిన అలవాటు.

అప్పుడే ప్రణవి వంటింట్లోకి వచ్చి, వంగి, ఫ్రిజ్ కింది అరలోంచి జ్యూస్ ప్యాకెట్టు తీసుకుంది. జుట్టు ఇంకా పైకెత్తి క్లిప్పు పెట్టే ఉంది. స్పందన రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. మొహంలో రంగు మారింది. కానీ గొంతు మార్చకుండా, నీ డ్రాయింగ్ బుక్ చూపిస్తావా అని ప్రణవిని అడిగింది. పిల్ల లోపలి గదిలోకి వెళ్లాక తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఆంటీ, ఆ మెడ మీద గాయాలు ఎట్లయినయి?"

ఆమని ల్యాప్‌టాప్ మూసి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఏ గాయాలు అంది.

"నేనేనమ్మా" అంది శ్యామలాదేవి. "మురికి ఎంతకీ వదల్లేదు. పోయిన వారం రాయి పెట్టి రుద్దాను."

స్పందన పెన్ను మూసి పక్కన పెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "అది మురికి కాదాంటీ. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మం అట్ల నల్లబడ్తది. ఎంత రుద్దినా పోదు. లోపలి సంగతి బయటికి చెప్తున్నది అది. వెంటనే రక్తపరీక్ష చేయించాలె."

శ్యామలాదేవికి ఒక్కో మాటా విడివిడిగా వినబడింది. అన్నీ కలిసి ఏమవుతున్నాయో అర్థం కాలేదు. సింకు దగ్గర గ్లాసు కడుగుతున్నదల్లా అలాగే నిలబడిపోయింది. నీళ్లు పోతూనే ఉన్నాయి. ఇన్సులిన్ అంటే ఆవిడకి తెలిసింది ఒకటే, షుగరు ముదిరిన ముసలివాళ్లు పొట్టకి పొడుచుకునే సూది. ఆ మాటకీ లోపలి గదిలో రంగుపెన్సిళ్లు వెతుక్కుంటున్న పిల్లకీ సంబంధం ఏమిటి? ఆమని వచ్చి కుళాయి కట్టేసింది.

స్పందన వెంటనే వెళ్లిపోలేదు. ఇంకో గంట కూర్చుంది. తను అమెరికాలో, టెక్సస్‌లో చదువుకునేటప్పుడు మెక్సికో నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఇళ్లకు మూడేళ్లు ఇలాగే తిరిగానని చెప్పింది. అక్కడ పిల్లలకి చిన్నతనంలోనే బరువు పెరగకుండా చూడటానికి ఇంటింటికీ వెళ్లి వంటింట్లో కూర్చుని మాట్లాడే పని అది. ఇక్కడ వీళ్లు చేస్తున్నది దాన్ని చూసి మొదలుపెట్టిందేనట. ఎల్విరా అని ఒక అమ్మమ్మ ఉండేదట అక్కడ. మనవడి మెడని నిమ్మచెక్కా ఉప్పూ పెట్టి రుద్దేది. మురికి అన్న మాటకి వాళ్ల భాషలో ఉన్న పదంతోనే ఆ పిల్లాణ్ణి ఇంట్లో పిలిచేవారు. ఆ వీధిలో ఐదిళ్లలో అదే సంగతి చూశానంది స్పందన. చివరికి ఆ ఇంట్లో తీపి పానీయాలు కొనడం ఆపించింది ఆ ఎల్విరాయేనట. పిల్లాడికి ఒక్కడికే కాదు, ఇంట్లో అందరికీ.

"మీ తప్పని చెప్తలేనాంటీ" అంది వెళ్లేముందు. "బరువు మాట, డైటింగ్ మాట పిల్ల ముందు అనొద్దు. ప్రణవిని మార్చొద్దు, ఇంటిని మార్చుదాం. కానీ ముందు టెస్ట్."

ఆ అమ్మాయి వెళ్లాక ఆమని ప్రణవిని పిలిచి, వెనక్కి తిప్పి, మెడ చూసింది. చాలాసేపు చూసింది. పిల్లని పంపేసి తల్లివైపు తిరిగి, నా కూతురి మెడని రాయి పెట్టి రుద్దావా అమ్మా అంది. ఆమని ఇంకేదో అనబోయి ఆగిపోయి, డైనింగ్ కుర్చీలో కూలబడింది. ఐదు నెలల్లో ఒక్కసారి కూడా నేను దాని మెడ చూడలేదు అంది చిన్నగా. పొద్దున్న ఎనిమిదింటికి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి వచ్చే మనిషి. అది తల్లిని అన్న మాట కాదని శ్యామలాదేవికి తెలిసింది. అయినా ఓదార్చడానికి చెయ్యి లేవలేదు.

రక్తపరీక్ష ఫలితం చెప్పే రోజున శ్యామలాదేవి క్లినిక్కి తనూ వస్తానని పట్టుబట్టి వెళ్లింది. డాక్టరు నడివయసు చైనీస్ ఆవిడ. ఇంగ్లీషులో గబగబా మాట్లాడుతోంది. ప్రణవిని బయట నర్సు దగ్గర కూర్చోబెట్టారు. ఆమని సగం తెలుగులో చెప్తూ సగం మింగేస్తోంది. మూడు నెలల సగటు చెప్పే షుగరు పరీక్షలో ఆరు పాయింట్ ఒకటి వచ్చిందట. ఇంకా జబ్బు కాదట, కానీ గుమ్మం దాకా వచ్చినట్టేనట. మందులు అక్కర్లేదు, ఇప్పట్నుంచి జాగ్రత్తపడితే వెనక్కి తిప్పొచ్చంది డాక్టరు.

శ్యామలాదేవి ఆ అంకెని మళ్లీ అడిగింది. ఆరు పాయింట్ ఒకటి. తనకి మొదటిసారి షుగరు ఉందని నరసాపురం ఆస్పత్రిలో చెప్పినప్పుడు ఆరున్నర. అప్పుడు తన వయసు యాభై మూడు. ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, జీవితంలో సగం అయిపోయిందని ఏడ్చుకుంది. యాభై మూడేళ్లకి తను చేరిన చోటుకి ఈ పిల్ల తొమ్మిదేళ్లకే ఇంచుమించు వచ్చేసింది. చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది ఎవరు? ఆవిడకి డాక్టరు గదిలో ఏసీ చలి ఒక్కసారిగా ఎముకల్లోకి దిగినట్టయింది. ఆమని చేతిలోంచి ఆ కాయితం తీసుకుని చూసింది. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి వచ్చు. ప్రణవి పేరూ, పుట్టిన తేదీ సరిగ్గానే ఉన్నాయి. వేరే ఎవరిదో కాయితం కాదు.

ఆ తర్వాతి సోమవారం. ప్రణవి స్కూలు నుంచి వచ్చి బట్టలు మార్చుకుంటోంది. టిఫిన్ డబ్బా కడగడానికని శ్యామలాదేవి సంచీ తెరిచింది. డబ్బా పక్కన పెన్సిళ్ల పౌచ్ జిప్పు ఊడి ఉంది. అందులో టిష్యూ కాయితంలో చుట్టిన ఏదో కనబడింది. విప్పింది. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు ముక్క. కత్తెరతో చిన్నగా కత్తిరించింది. దాని ఒక వైపు గోధుమరంగు మరకలు ఎండిపోయి ఉన్నాయి.

అది రక్తమని తెలియడానికి ఆవిడకి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆ గాయాలు రాయివి కావని తెలియడానికి ఇంకో క్షణం పట్టింది.

ప్రణవి గదిలోంచి వచ్చి అమ్మమ్మ చేతిలో ఉన్నదాన్ని చూసి ఆగిపోయింది. శ్యామలాదేవి అరవలేదు. నేలమీద కూర్చుని, పిల్లని దగ్గరికి రమ్మంది. ఎప్పట్నుంచి అని అడిగింది. టర్మ్ మొదలైనప్పట్నుంచి అంది ప్రణవి. రీసెస్‌లో టాయిలెట్‌లోకి వెళ్లి చేసుకుంటుందట. క్లాసులో వెనక బెంచీ అమ్మాయి నీ మెడ ఎప్పుడూ కడుక్కోవా అని అడిగిందట. అందుకే జుట్టు వదిలేసుకుని వెళ్తానంటే టీచరు ముడేసుకోమందట.

"అది అంటే అందిలే. నువ్వెందుకమ్మా ఇలా చేసుకున్నావు?"

"నువ్వు కూడా అన్నావు కదా అమ్మమ్మా, డర్టీ అని" అంది ప్రణవి. కోపం లేదు గొంతులో. ఉన్న మాట చెప్తున్నట్టు చెప్పి, స్కూల్లో అబ్బిన సింగపూర్ ఇంగ్లీషులోకి మారింది. "సో ఐ వాష్ లా."

శ్యామలాదేవి ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయింది. తన రాయికంటే తన మాట గట్టిగా రుద్దింది. ఐదు నెలలు, రోజూ, తను పక్కన లేనప్పుడు కూడా రుద్దుతూనే ఉంది. వందలమంది తల్లులకి పిల్లల్ని ఎలా చూసుకోవాలో చెప్పిన మనిషి, ఒక పిల్ల తన ఒంటిని తనే గీరుకునేలా చేసింది.

"తప్పు నాది" అంది చివరికి. "తెలియక అన్నాను. నీ ఒంటిమీద మురికి లేదు ప్రణవీ. ఎప్పుడూ లేదు. నువ్వు శుభ్రంగానే ఉన్నావు."

"దెన్ వాట్ ఈజ్ ఇట్?"

ఒంట్లో చక్కెరని పనిలోకి పంపించే మనిషి ఒకడుంటాడనీ, మనం అస్తమానం చక్కెర పంపిస్తుంటే వాడు అలిసిపోతాడనీ, ఆ అలుపు మెడమీద అలా కనబడుతుందనీ అంగన్‌వాడీలో కథ చెప్పినట్టే చెప్పింది. ప్రణవి శ్రద్ధగా విన్నది. ఐ డిడ్ ఇట్ ఆ అని అడిగింది. నేను చేసుకున్నానా అని.

"లేదు. ఇంట్లో పెద్దవాళ్లం చేశాం. మేమే సరిచేస్తాం."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమనికీ భరద్వాజ్‌కీ ఆ పీచు ముక్క చూపించింది. దాచాలన్న ఆలోచన ఆవిడకి వచ్చింది, కానీ దాచలేదు. భరద్వాజ్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, పళ్లెం పక్కకి జరిపేశాడు. ఎవరూ తినలేదు. మర్నాడు ఆమని స్కూలుకి వెళ్లి టీచర్‌తో మాట్లాడింది. టీచరు వెంటనే అర్థం చేసుకుని, జుట్టు ఎలా వేసుకొచ్చినా ఫరవాలేదంది.

తర్వాతి నెలల్లో స్పందన ఇంకా ఐదుసార్లు వచ్చింది. ప్రతిసారీ వంటింట్లోనే కూర్చుంది. జ్యూస్ ప్యాకెట్లు కొనడం మొదట ఆగింది. మైలో డబ్బా అయిపోయాక కొత్తది రాలేదు. నియమం ఏదైనా ఇంట్లో అందరికీ ఒకటే అని స్పందన ముందే చెప్పడంతో భరద్వాజ్ సాయంత్రం కోలా కూడా పోయింది. రెండు వారాలపాటు ఎక్స్‌పో మెట్రో స్టేషన్ బయట ఇంటికి వచ్చే ముందు తాగేసి వచ్చేవాణ్ణని అతనే ఒకరోజు ఒప్పుకున్నాడు. ఆమని వారానికి మూడు రోజులు ఆరింటికే వచ్చేలా ఆఫీసులో మాట్లాడుకుంది. దాంతో పిల్లకి రెండుసార్లు రాత్రి తిండి పెట్టే పని తప్పింది. సాయంత్రాలు అమ్మమ్మా మనవరాలూ లిఫ్టు దిగి కింద ఆటస్థలానికి వెళ్లేవారు. బ్యాడ్మింటన్ బ్యాట్లు రెండు కొన్నారు. శ్యామలాదేవి చీర కుచ్చిళ్లు ఎగదోపి ఆడేది. మోకాళ్లు నొప్పెట్టేవి. షటిల్ తలమీంచి వెళ్లిపోయాక ఆవిడ బ్యాటు విసిరితే ప్రణవి పకపకా నవ్వేది.

అన్నీ సాఫీగా జరగలేదు. దీపావళికి ఆవిడ ఆగలేక రెండు డబ్బాల అరిసెలు చేసింది. ఒక స్నేహితురాలి పుట్టినరోజు నుంచి ప్రణవి వాంతి అయ్యేలా తినివచ్చింది. అన్నం పెట్టేటప్పుడు చెయ్యి నేతి గిన్నెవైపు దానంతట అదే వెళ్లేది. అన్నిటికంటే కష్టమైనది మాత్రం పిల్ల చాలు అన్నప్పుడు ఊరుకోవడం. ఇంకొక్క ముద్ద అన్న మాట నోటి దాకా వచ్చేది. ఆ మాటని మింగేసేది.

మూడో విజిట్‌లో స్పందన తన ఫోన్లో కొన్ని ఫొటోలు చూపించింది. ఇళ్లకు వెళ్లేవాళ్లకి శిక్షణలో చూపించేవి. రకరకాల మెడలు, మొహాలు లేకుండా. నాలుగో ఫొటో దగ్గర శ్యామలాదేవి ఫోన్ని తిరిగి ఇచ్చేసి, నీళ్లు తాగుతానని లేచింది.

ఆ ఫొటోలో మెడ ఎవరిదో కాని, ఆవిడకి కనబడింది సత్యవేణి మెడ. తొమ్మిదేళ్ల కిందటి మాట. అంగన్‌వాడీలో నెలకోసారి కిశోర బాలికలకి క్లాసు ఉండేది. ఆ రోజు పాఠం వ్యక్తిగత శుభ్రత. సూపర్‌వైజర్ కూడా వచ్చింది. చేపలు ఎండబెట్టేవాళ్ల పిల్ల సత్యవేణి, పదమూడేళ్లది, బొద్దుగా ఉండేది, వెనక వరసలో కూర్చుంది. శ్యామలాదేవి ఆ పిల్లని పైకి లేపి, ముందుకి పిలిచి, భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పి, జడ పక్కకి తీసి, ఇరవైమంది ఆడపిల్లలకి చూపించింది. మెడ ఇలా ఉండకూడదు అని చెప్పింది. అందరూ నవ్వారు. ఉదాహరణలతో చెప్పారు, చాలా బాగుంది అని సూపర్‌వైజర్ రిజిస్టర్‌లో రాసి వెళ్లింది. సత్యవేణి ఆ తర్వాత మళ్లీ క్లాసుకి రాలేదు. ఎందుకు రాలేదో శ్యామలాదేవి ఆ రోజుల్లో కనుక్కోలేదు.

మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేస్తే ప్రణవికి ఐదు పాయింట్ ఎనిమిది వచ్చింది. బరువు తగ్గలేదు, ఎత్తు పెరిగింది. ఎదిగే పిల్లకి అదే కావాలంది డాక్టరు. మెడ నలుపు ఇంకా ఉంది. అది తగ్గడానికి చాలా కాలం పట్టొచ్చట. బయట కారిడార్‌లో ఆమని తల్లి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. శ్యామలాదేవి కూతురి వీపు నిమిరింది. సంతోషం కలిగింది కాని, అది నిలవలేదు. వారాలుగా ఆవిడ కళ్లముందు ఒక పదమూడేళ్ల పిల్ల వీపు తిప్పి నిలబడి ఉంది.

ఆ మర్నాడు నెల మొదటి మంగళవారం, ఊళ్లో తూకాల రోజు. సింగపూర్‌లో మధ్యాహ్నం ఒంటిగంట, అక్కడ పదిన్నర. తన తర్వాత టీచరుగా వచ్చిన శ్రీలేఖకి ఫోన్ చేసింది. శ్రీలేఖ ఆయ్, బాగున్నారా మేడమ్ అని సంబరంగా పలకరించింది. వెనక పిల్లల ఏడుపులు వినబడుతున్నాయి. శ్యామలాదేవి కుశలప్రశ్నలేవీ వెయ్యకుండా సత్యవేణి గురించి అడిగింది.

పెళ్లయిందని చెప్పింది శ్రీలేఖ. పక్కవీధిలోనే ఉంటుందట. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చిందట, సూదులు వేశారట. కాన్పయ్యాక తగ్గిపోయిందన్నారట. ఇప్పుడు నాలుగు నెలల పాప.

"ఇక్కడే ఉందండి. పాపని తూకానికి తీసుకొచ్చింది. ఇమ్మంటారా?"

శ్యామలాదేవి సిద్ధంగా లేదు. అయినా ఇమ్మంది. ఫోను చేతులు మారిన చప్పుడు వినబడింది.

"చెప్పండి మేడమ్" అంది ఒక గొంతు. మెత్తటి గొంతు, భయం భయంగా.

"సత్యవేణీ, నేను గుర్తున్నానా?"

"ఎందుకు లేరండి."

"నీకొక మాట చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నిన్ను అందరి ముందూ నిలబెట్టి ఒక మాట అన్నాను. మెడ గురించి. నేనన్నది తప్పమ్మా."

కోప్పడుతుందనుకుంది. ఫోన్ పెట్టేస్తుందనుకుంది. ఇన్నేళ్లకి గుర్తొచ్చిందా అంటుందనుకుంది. ఆ మూడింటికీ సిద్ధపడింది.

"తప్పేముందండి" అంది సత్యవేణి. "మీరు మంచికే చెప్పారు. అప్పట్నుంచి రోజూ రుద్దుకుంటూనే ఉన్నానండి. ఎంత రుద్దినా పోవట్లేదండి."

శ్యామలాదేవి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తొమ్మిదేళ్లు. పెళ్లిలో, కడుపుతో ఉన్నప్పుడు, ఆస్పత్రిలో సూదులు వేయించుకుంటున్నప్పుడు కూడా. ఒక్కరూ ఆ పిల్లకి చెప్పలేదు. మొదటి మాట చెప్పింది తను, దాన్ని మార్చేవాళ్లే ఎవరూ దొరకలేదు.

"పాపని శ్రీలేఖకి ఇచ్చి నువ్వు కాస్త కూర్చో తల్లీ" అంది. "నేను చెప్పేది పూర్తిగా విను. ముందు ఆ రుద్దడం ఆపెయ్యి. అది మురికి కాదు."

ఇంకా ఇరవై నిమిషాల్లో ప్రణవి స్కూలు బస్సు వస్తుంది. శ్యామలాదేవి గడియారం వంక చూసి, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.